గోలీ కేక

మలయాకు మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడు, తెలుక్ ఆన్సన్ నుంచి బాగన్ దాతుక్ వెళ్లే బస్సులో రబ్బరు తోటలో పనిచేసే ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఎమర్జెన్సీ ఇంకా ముగియలేదు. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాలకు బియ్యం చేరుతోందేమోనని సిపాయిలు దారిలో బస్సు ఆపి, మా సామాన్లు దించి వెతికారు. మళ్లీ ఎక్కించేటప్పుడు ఆయన సాయం పట్టాడు. ఇంతలో వెనకనుంచి ఒక తెలుగావిడ, "ఒగ్గీ, అది నాది!" అని, వదిలెయ్యమని అరిచింది. ఆయన చేతిలోని బుట్ట జారిపోయింది. వెనక్కి తిరిగి అలాగే చూస్తూ నిలబడిపోయాడు.

బస్సు కదిలాక, "ఏటైంది అన్నా?" అని అడిగాను.

"నాను తోట ఫుట్‌బాల్ టీములో గోలుకి ముందర బ్యాక్ ఆడీవోణ్ణి, తమ్ముడూ. నా యెనకాల గోలు కాసీ గోలీ మా బావమరిది. బంతొస్తే 'ఒగ్గీ, నాది' అని కేకేసీవోడు. నాను ఒగ్గీసీవోణ్ణి. ఒకనాడు రబ్బరు పాలు తియ్యడానికెల్లి కాల్పుల్లో సచ్చిపోనాడు. ఎవులు కాల్సినారో తెల్దు."

కిటికీలోంచి తోటల వైపు చూసి మళ్లీ అందుకున్నాడు.

"తరవాత కొత్త గోలీ వొచ్చినాడు. ఆటలో బంతి నా కాలి కాడికొచ్చింది. యెనకనించి అదే కేక. ఒగ్గీసినాను. గోలైపోయింది. 'నాను పిలవనేదు, ఎందుకొగ్గీసినావు?' అన్నాడు కొత్తోడు."

ఆ రోజుతో ఆయన్ను టీములోంచి తీసేశారట.

"మరి మైదానం కాడికి ఎల్లడం మానీసినారా?"

"ఎల్తాను. ఎవులూ లేనప్పుడు గోలు ముందర నిలబడతాను. మా బావమరిది గొంతు మరెక్కడా ఇనబడదు గదా."

తన తోట గేటు దగ్గర దిగిపోయాడు. పేరు అడగలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆట చూస్తుంటే నా కళ్లు బంతి మీద నిలవవు. బ్యాక్‌కూ గోలీకీ మధ్య ఉన్న ఖాళీ నేల మీదికే పోతాయి.