వరండా బల్ల ఎక్కని పిల్లలు

మా డ్రిల్లు టీచరుగారు పోయారని పోయిన మంగళవారం మండపేట నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. నాకు ముందు ఆవిడ ఈల గుర్తొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

తొంభైల చివర్లో నేను ఆడపిల్లల బడిలో తొమ్మిదో తరగతి. నెలసరి వచ్చిన పిల్ల డ్రిల్లు పీరియడులో వరండాలోని చెక్క బల్ల మీద కూర్చునేది. టీచరుగారు కారణం అడిగేవారు కాదు. నేను మాత్రం ఐదు నెలలుగా ఆ బల్ల ఎక్కలేదు. మా ఇంట్లో అది అదృష్టం. మామ్మకి మడీ మైలా జాస్తి, పైగా చేతుల వణుకు. అమ్మ బయట చేరినా దీపం పెట్టడానికీ, ఆవకాయ కలపడానికీ ఎప్పుడూ నేనుండేదాన్ని. మా పిల్లకి ఏ అడ్డూ లేదని మామ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయేది. నాకేమో లోపల భయం. గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నాయి, ఒళ్ళు వచ్చేస్తోంది. లోకంలో నాకొక్కదానికే ఇలా అవుతోందనుకునేదాన్ని.

ఒకరోజు టీచరుగారు మా ఇంటికొచ్చి, కాఫీ పూర్తిగా తాగి, అప్పుడు చెప్పారు. "అమ్మాయి నా బల్ల మీద కూర్చుని ఐదు నెలలైందండి. డాక్టరుగారికి చూపించాలండి."

పెళ్ళయితే అదే సర్దుకుంటుందనీ, ఊళ్ళో తెలిస్తే పిల్లనెవరు చేసుకుంటారనీ మామ్మ మండిపడింది. టీచరుగారు వాదించలేదు. శనివారం అమ్మనీ నన్నూ రాజమండ్రి బస్సెక్కించి, తనూ ఎక్కారు.

ఆస్పత్రిలో నా ఈడు పిల్లలు బోలెడుమంది, అందరూ తలలు వంచుకునే ఉన్నారు. స్కానింగు చూసి డాక్టరమ్మ, అండాశయాల్లో చిన్న చిన్న నీటిబుడగల్లాంటివి ఉన్నాయనీ, ఈ వయసు పిల్లల్లో ఇది తరచూ చూసేదేననీ, మందులూ నడకా మానకపోతే అదుపులో ఉంటుందనీ చెప్పింది. బయటికొచ్చాక టీచరుగారు అన్నారు: "చూశావా, ఎంతమందో. ఒక్కొక్కత్తీ తనొక్కత్తే అనుకుంటోంది."

సోమవారం డ్రిల్లులో, ఈమధ్య నా బల్ల మొహం చూడనివాళ్ళు ఎవరర్రా అని మామూలుగా అడిగారు. మామ్మ మాట గుర్తొచ్చి నా చెయ్యి బరువెక్కింది. అయినా ఎత్తాను. వెనక ఇంకో రెండు లేచాయట. సిగ్గుతో నేను తిరిగి చూడలేదు.

ఆ ఏడాదంతా పొద్దున్నే నాతో కాలవగట్టు మీద నడిచారావిడ. నా కోసం కాదట, తన మోకాళ్ళ కోసమట. మామిడికాయల రోజులకి నేను మళ్ళీ బల్ల ఎక్కాను. "రా తల్లీ, నీ సీటు దుమ్ముకొట్టుకుపోయింది" అని తన పైటచెంగుతో తుడిచారు. ఆవకాయకి మామ్మ వేరే చేతులు వెతుక్కుంది.

మొన్న పరామర్శకెళ్ళి టీచరుగారి ఇంటి వసారాలో కూర్చుంటే, పక్కన నా ఈడావిడ చాలాసేపు నన్నే చూసింది.

"ఆవేళ ముందు చెయ్యెత్తింది నువ్వేగా? నీ వెనక చెయ్యి నాదే" అంది.

ఆ చేతిని పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎదురుగా గోడమేకుకి టీచరుగారి ఈల వేలాడుతోంది.