ఆవిడకి అటు పక్క సీటు

దయ్యాలను నేను నమ్మను. నన్ను ఎరిగినవాళ్లు నన్నూ అంతగా నమ్మరు, అది వేరే సంగతి. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫలానా వీధిలో రాత్రిపూట మంటలు ఎగురుతున్నాయని జనం హడలిపోతే, టార్చిలైటు పట్టుకుని వెళ్లి తెగి వేలాడుతున్న వైరు చూపించి వచ్చేవాణ్ణి. కాబట్టి ఇది దయ్యం కథ అనుకోకండి. ఇదేమిటో నాకూ తెలియదు.

పోయిన చలికాలం అమెరికాలో, ఆష్‌బర్న్ అనే ఊళ్లో జరిగింది. మేమిద్దరం మా అమ్మాయి స్వాతి దగ్గర ఉంటున్నాం. మా ఆవిడ రాజ్యలక్ష్మికి గుండెలో వాల్వ్ పాడైందన్నారు. సోమవారం ఆపరేషన్. ఈ వయసులో కాస్త ప్రమాదమేనని డాక్టరు దాచకుండా చెప్పాడు. ఆ ముందు గురువారం మేము చెరో కిటికీ దగ్గరా కూర్చుని మంచు చూస్తుంటే స్వాతి ఇక భరించలేకపోయింది.

“ఇంట్లో ఉంటే ఇద్దరూ టెన్షన్ పడి నన్ను చంపేస్తారు. మ్యాట్నీకి బుక్ చేశా. రొమాంటిక్ కామెడీ నాన్నా. నేను డ్రాప్ చేస్తా, హాయిగా నవ్వుకుని రండి.”

కథేమిటో అది చదివినట్టు లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రాజ్యానికి నేను రెండో భర్తను. మొదటాయన పెళ్లయిన రెండో ఏడే కామెర్లతో పోయాడు. కుర్రాడు. తర్వాత కొన్నాళ్లకి మావాళ్లందరినీ ఎదిరించి నేను ఆవిణ్ణి చేసుకున్నాను. నలభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆయన మాట ఆవిడ ఎత్తలేదు, నేను అడగలేదు. పేరు ఇక్కడా రాయను.

హాల్లో పట్టుమని పదిమంది లేరు. అక్కడి కుర్చీలు పడక్కుర్చీల్లా ఉంటాయి. పక్కనున్న బటన్ నొక్కి పట్టుకుంటే కాళ్లు చాపుకునే పలక పైకి లేస్తుంది. మా వరసలో మేమిద్దరమే. నాకు ఎడమ పక్కన రాజ్యం, ఆవిడకి అటు పక్క సీటు ఖాళీ. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి జంతికల డబ్బా తీసింది. బయటి తిండి తేకూడదని బోర్డు ఉందని గుర్తుచేశాను.

“వాళ్లకి జంతికలంటే ఏమిటో తెలిస్తే కదండీ” అంది.

సినిమాలో పైలోకం ఒక ఎయిర్‌పోర్టు. కారు ప్రమాదంలో ఒకేసారి పోయిన ముసలి దంపతులు ట్రాలీ తోసుకుంటూ బయటికి వస్తారు. అక్కడ ఆవిడ పేరు రాసిన అట్ట పట్టుకుని ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. ఆవిడ మొదటి మొగుడు. పోయిననాటి వయసులోనే ఉన్నాడు. ముసలాయన ఆ కుర్రాణ్ణి చూసి గబుక్కున బొజ్జ లోపలికి పీల్చుకుంటాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి పక్కకి చూశాను. రాజ్యం నవ్వడం లేదు.

అప్పుడే హాలు చల్లబడిపోయింది. నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి. ఎక్కడినుంచో మల్లెపూల వాసన. ఆవిడకి అటు పక్క సీటు పలక సన్నగా రొద చేస్తూ పైకి లేచింది. పనిచేయడం లేదని కాగితం అంటించిన కుర్చీ అది. తెర వెలుతురులో సన్నమీసం కుర్రాడొకడు అందులో కాళ్లు చాపుకుని కనిపించాడు.

రాజ్యం అటు తిరిగింది. ఏదో చిన్న మాట అంది, నాకు వినపడలేదు. పలక మెల్లగా కిందికి దిగిపోయింది.

ఇంటికొచ్చాక నేనేమీ అడగలేదు. సోమవారం దాకా నాకు నిద్ర లేదు. అక్కడ అట్ట పట్టుకుని నిలబడినవాడు ఇక్కడికే వచ్చేశాడా అని ఒకటే ఆలోచన. ఆపరేషన్ చెప్పినదానికంటే చాలా ఆలస్యమైంది. ఆస్పత్రిలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటే దాని మీద నా కోటు పరిచాను. కాసేపటికి నేనే లేచి అందులోకి మారాను. అప్పుడు మొదటి కుర్చీ ఖాళీ అయింది.

రాజ్యం బతికింది. కోలుకుంది. ఈ కథ వాకింగ్ మిత్రులందరికీ ఇలాగే చెప్పాను. ఒకాయన ఆనాటినుంచి థియేటర్ మొహం చూడలేదు. మీకూ ఇలాగే వదిలేసేవాణ్ణి. ఇదంతా రాసిన కాగితాలు బల్లమీద పెట్టి కాఫీ కోసం లేచాను, ఈలోగా రాజ్యం కళ్లజోడు పెట్టుకుని చదివేసింది.

“మల్లెపూలెక్కడివండీ? ఆ పాప్‌కార్న్ వెన్న కంపుకి నాకు తల తిరిగింది.”

“కాస్త సెంటు చల్లాను.”

“చలా? కోటు కూడా విప్పేసి కూర్చున్నారు మీరు.”

ఒప్పుకున్నాను. చలి లేదు. కుర్చీకి కాగితమూ లేదు. సినిమా అయ్యాక నేనే బటన్ నొక్కి చూశాను, శుభ్రంగా పనిచేసే కుర్చీ. కాకపోతే అది లేచినప్పుడు నొక్కడానికి అందులో ఎవరూ లేరు. రాజ్యం చేతులు రెండూ జంతికల డబ్బా మీద ఉన్నాయి.

ఆవిడ పెన్ను తీసుకుని మల్లెపూలు కొట్టేసింది. చలి కొట్టేసింది. కాగితం కొట్టేసింది. వాటిని మళ్లీ నేనే రాసుకున్నాను, మీకు చూపిద్దామని. కుర్రాడి దగ్గర కాసేపు ఆగింది.

“ఆయనకి మీసం లేదు” అని అదీ కొట్టేసింది.

కుర్చీ లేచిందన్న వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు.

“ఆవేళ అటు తిరిగి ఏమన్నావు రాజ్యం?”

“ఇప్పుడే రాలేనని చెప్పాను” అంది. కాఫీ చల్లారిపోతోందని లోపలికి వెళ్లిపోయింది.

వైరింగ్ లోపమై ఉంటుందని ఎవరితోనైనా వాదించగలను. ఎక్కడ లోపమో మాత్రం ఇంతకాలం కరెంటుతో పనిచేసి కూడా చెప్పలేను. ఇప్పుడు సినిమాకి వెళ్తే గోడ పక్క సీట్లే బుక్ చేయమంటాను స్వాతిని. గోడవైపు రాజ్యం, ఇటు నేను. మొన్న అలాగే కూర్చున్నాం. లైట్లు ఆరాక జంతికల డబ్బా నా ఒళ్లో పెట్టింది. అటు చూశాను. ఆవిడ ఎడమ చెయ్యి గోడవైపు ఉంది. అరచెయ్యి పైకి తిప్పి, వేళ్లు కొంచెం ముడిచి, ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు.

ఈ చివరి ముక్క ఆవిడకి చూపించలేదు. చూపిస్తే కొట్టేయదేమోనని భయం.