రేడియేటర్‌లో ముంచిన వేళ్లు

సముద్రం దాటొచ్చిన మా తెలుగువాళ్లుండే ఖర్వాస్తాన్‌లో మా పెద్దనాన్న పోయారని మొన్న శనివారం పొద్దున కబురు వచ్చింది. మా బాప్టిస్టు చర్చి వ్యాను ఏళ్ల తరబడి నడిపిన మనిషి. వార్త వినగానే నాకు ఆ వ్యాను బానెట్ ఎత్తిన చప్పుడు గుర్తొచ్చింది.

రోజూ ఇంజను చల్లగా ఉండగానే ఆయన రేడియేటర్ మూత తీసి రెండు వేళ్లు ముంచేవారు. ఇంజను చల్లబడ్డానికి అందులో పోసే పచ్చటి ద్రవం సీసా మీద కూలెంట్ అని రాసున్నా ఆయనకవి నీళ్లే. పచ్చగా ఉంటే సరే, తుప్పు రంగుకు తిరిగితే మార్చాల్సిందే. వేళ్ల మధ్య రుద్ది, ఇంజనాయిలు జిడ్డేమైనా కలిసిందా అని చూసేవారు. ఆ తర్వాతే ప్రయాణపు ప్రార్థన. పాస్టరుగారు తొందరపెడితే, "ముందు నీళ్లు చూస్తా అయ్యా. దేవుడు దిగొచ్చి మూత తియ్యడు" అనేవారు. చర్చిలో పెద్దలు మాటామాటా అనుకుంటున్నప్పుడు కూడా, ఇంజను వేడి మీదుంది, ఇప్పుడు మూత ముట్టొద్దని చెప్పి అందరికీ టీ పోయించేవారు. ఆయన చాదస్తం మీద మా ఇంట్లో జోకులకు కొదవ లేదు.

తెల్లవాళ్ల పెత్తనం ముగిసి, ఒంటి రంగుతో పని లేకుండా అందరం ఓటేసిన ఆ మొదటి ఎన్నికల పొద్దున కూడా అంతే. మా అవ్వ, అంటే ఆయన తల్లి, పట్టుచీర కట్టుకుని వ్యానులో కూర్చుంది. ఆవిడా, ఆయనా అంతవరకు ఓటు ముఖం చూసినవాళ్లు కారు. పెద్దనాన్న తీరిగ్గా నీళ్లు చూసి, వేళ్లు గుడ్డకు తుడుచుకుని మమ్మల్ని బయల్దేరదీశారు.

పోలింగు జరిగే బడి గుమ్మంలో ఒక జులూ అధికారిణి అందరి చేతులూ నీలి దీపం కింద చూస్తోంది. ఓటుకు లోపలికి పంపేముందు చేతికి రాసే సిరా మామూలుగా కనిపించదు, ఆ దీపం కిందే మెరుస్తుంది. పెద్దనాన్న చెయ్యి పెట్టగానే రెండు వేళ్లు పచ్చగా వెలిగాయి. ఒకసారి ఓటేసి మళ్లీ వచ్చారనుకుని ఆమె ఆయన్ని పక్కన నిలబెట్టింది. ఆయనకేమీ అర్థం కాలేదు. వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. నాకు ఏడుపొచ్చింది.

"నా కొడుకు ఎయ్యకుండా నేను ఎయ్యను" అని అవ్వ గుమ్మంలోనే కూలబడింది. పెద్దనాన్న మాత్రం గొంతు పెంచలేదు. "ఆమె పని ఆమె చేస్తా ఉంది, అమ్మా" అని తల్లిని లేపారు. నేనైతే అక్కడ రచ్చ చేసేదాన్ని.

ఆ నిదానం చూసో ఏమో, అధికారిణి దగ్గరకొచ్చి ఆయన వేళ్లు వాసన చూసింది. ఆమె భర్త బస్సు డ్రైవరట. ఇది రేడియేటర్ వాసన బాబా, ఆ నీళ్లూ ఈ దీపానికి మెరుస్తాయి, సిరా అయితే సబ్బుకు పోదు, కడుక్కుని రండి అంది. కుళాయి దగ్గర పెద్దనాన్న గోళ్ల సందులు కూడా మళ్లీ మళ్లీ రుద్దుకుంటుంటే నేనే సబ్బు పట్టుకున్నాను. ఆయనకు ఆ ఓటెంత ముఖ్యమో అప్పుడు తెలిసింది.

తిరిగొచ్చి చెయ్యి దీపం కింద పెట్టారు. ఏమీ వెలగలేదు. ఆమె దానిమీద సిరా రాసి, మళ్లీ దీపం పట్టింది. ఈసారి చెయ్యంతా వెలిగింది. లోపలికి వెళ్లమని ఆమె చెబుతున్నా, పెద్దనాన్న ఆ చేతిని దీపం కింద నుంచి చాలాసేపు తీసుకోలేదు.