పుచ్చిన చెక్క మీద కొత్త ప్లైవుడ్

ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. మా మరదలు కుంటుతూ మా వాకిట్లోకి వచ్చినప్పుడల్లా అది ఇంకాస్త బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నాకు కారేపల్లి దగ్గర లారీలకు బాడీలు కట్టే షెడ్డుంది. మా తోడల్లుడిది, అంటే ఆ మరదలి భర్తది, కల్లూరు. మంచివాడు. అదే నాకు గిట్టేది కాదు. పెద్దల్లుణ్ని నేనే అయినా, అతను వచ్చాడంటే మామగారి ముఖం విప్పారేది. పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవారు. నన్ను తిన్నావా అని అడిగి ఊరుకునేవారు. చిన్న విషయమే కదా? చిన్నదే. అయినా నాకు ముద్ద దిగేది కాదు.

వ్యవసాయంతో విసిగిపోయి అతను ఒక పాత క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాడు. కారు వెనక తగిలించుకుని పోయేది. సగం గట్టి పెట్టె, సగం గుడారం. ఆపిన చోట రెండు చివర్లా మంచం పలకలు బయటికి లాగితే వాటి మీద గుడ్డ లేస్తుంది. భద్రాచలం దారిలో అడవి అంచున పెట్టి, వచ్చేపోయే వాళ్లకు కిరాయికిస్తానన్నాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ దాని మీదే ఆశ పెట్టుకున్నారు. మామగారు ఊరంతా చెప్పుకున్నారు. నేను షెడ్డు పెట్టినప్పుడు ఆయన చూడటానికైనా రాలేదు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

పైకప్పు అతుకులోంచి నీరు దిగి ట్రైలర్ లోపలి చెక్క చెడింది. బాగు చేయమని నా దగ్గరికే తెచ్చాడు. అతుకు మూశాను. నేల మార్చాను. చివరికి వెనక మంచం కింది చెక్కను సుత్తితో తట్టాను. మంచి చెక్కయితే ఖంగుమంటుంది. ఇది దబ్బుమంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే మెత్తగా దిగిపోయింది. మొత్తం పీకి కొత్తది వేయాలి. సరిగ్గా ఆ పూటే మామగారు ఫోన్ చేసి, చిన్నల్లుడి బండి జల్దీ ఇచ్చేయమన్నారు. బాగున్నావా అని కూడా అడగలేదు. ఫోన్ పెట్టేసి, ఆ పుచ్చిన చెక్క మీదే కొత్త ప్లైవుడ్ కొట్టి రంగేశాను.

బద్ధకమా? కాదు. తెలియకనా? అసలే కాదు. అతని ముఖం ఒక్కసారైనా వాడిపోతే చూడాలనిపించింది.

బాడీ అప్పగించేటప్పుడు మేస్త్రీ దాని మీదికెక్కి, ఓనరు కళ్లముందు గట్టిగా తొక్కి చూపించడం మా షెడ్డు ఆనవాయితీ. ఎక్కాను. నేల తొక్కాను, ముందు మంచం తొక్కాను. వెనక మంచం జోలికి పోలేదు. అతను కనిపెట్టాడేమో తేల్చుకుందామని, "అంతా ఓసారి చూస్కో తమ్మీ" అన్నాను.

"నువ్వెక్కి తొక్కినంక ఇంక నేను చూసేదేముందన్నా" అన్నాడు.

ఆ మాట విన్నాకైనా, ఉన్నది చెప్పకుండా నేను బండి దిగకూడదు. దిగాను.

ఆ వానాకాలం వెళ్లాక, మరదలు ఆ మంచమెక్కి పరుపు దులుపుతుంటే పలక విరిగింది. బండరాయి మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. గుడారాన్ని తడిగానే మడిచినందుకే చెక్క పుచ్చిందని అతననుకున్నాడు. మడిచింది మరదలే. అంతే అయి ఉంటుందని నేనూ అన్నాను. తర్వాత అతను ట్రైలర్‌ను వచ్చిన ధరకు అమ్మి, మళ్లీ పత్తి చేనికే పోయాడు.

అన్నిటికన్నా చెప్పలేనిది ఇంకొకటుంది. దవాఖానా వరండాలో అతను ఏడుస్తుంటే నా కడుపు చల్లబడింది. భుజం మీద చెయ్యేసి ఓదార్చాను కూడా. అది చూసి మామగారు, పెద్దల్లుడున్నాడు కాబట్టి ధైర్యంగా ఉందని అందరి ముందూ అన్నారు. ఆ మాట కోసం నేనెంతగా కాచుకున్నానో! సిగ్గు లేకుండా సంతోషించాను.

మొన్న మరదలు మా ఇంట్లో నాకు అన్నం వడ్డిస్తూ, "నేను ఎండబెట్టి మడిస్తే గిట్ల కాకపోతుండె బావా" అంది. నేను తల దించుకుని తిన్నాను. ఆమెకు ఎప్పటికైనా చెప్తానా? చెప్పగలనని ప్రమాణం చేయలేను. ఆ చెక్క నా షెడ్డుకొచ్చేసరికే పుచ్చి ఉంది. చూశాను. చూసే మూశాను. ఇంతవరకు నోటిదాకా రాని ఈ మాట, మీ దగ్గర మాత్రం బయటికి వచ్చింది.