ముళ్లపొద వెనక మనిషి

ధర్మపురిలో మాకున్న ఖాళీ జాగాలో పిచ్చిచెట్లు కొట్టించకపోతే ఫైన్ వేస్తామని మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. నా జాగాలో చెట్లు పెరిగితే వీళ్లకేం నొప్పి అని తిట్టుకుంటూనే ఈ రోజు ఇద్దరు కూలీలను పెట్టాను. పెద్ద ముళ్లపొద నరకగానే వాళ్లు కత్తులు కింద పెట్టేశారు. పొద వెనక నిలువెత్తు వీరగల్లు, యుద్ధంలో పడిపోయిన వీరుడి బొమ్మ చెక్కిన రాయి! ఎత్తిన కత్తి, ఒంటినిండా బాణాలు, కాళ్ల దగ్గర ఆవులు. మందను కాపాడుతూ ప్రాణం వదిలిన ఎవరో మనిషి.

అంతలో మున్సిపాలిటీ ఆయన వచ్చి, "పని ఎందుకు నిలిపినారు?" అని గద్దించాడు.

కబురు విని వచ్చి, రాయి మీద నీళ్లు పోస్తున్న మా పెద్దమ్మ, "ముందు చెప్పులు ఇడిచి రా నాయనా" అంది.

ఆయన విడిచాడు. నేనూ విడిచాను.

నోటీసులో యజమాని అని నా పేరుంది. ఎన్ని వందల ఏళ్లుగానో అక్కడ కాపలా ఉన్నది ఆ రాతిలోని వీరుడు. మీరే చెప్పండి, ఆ జాగా ఎవరిది?