పేపర్లో ఉన్న టైము

ధర్మవరంలో మా ఇంటి ఓనరమ్మదే వీధి మొత్తానికీ ఒక్క టీవీ. దానికి చెక్క షట్టరు, ఆ షట్టరుకో తాళం ఉండేవి. తాళంచెవి ఆమె బొడ్లోనే ఉండేది. పేపర్లో వేసిన టైముకే షట్టరు తీసేది, ఆ టైముకే మూసేది. టీవీవాళ్ళ ఆలస్యంతో ఆమెకు పనిలేదు. ఆదివారం సినిమా చివర ఏమవుతుందో మా వీధిలో ఎవరికీ తెలియదు.

ఆ రోజు నా పది నెలల బిడ్డకు పొద్దుటి నుంచీ విరేచనాలు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు ఎలా పట్టాలో సాయంత్రం టీవీలో డాక్టరమ్మ చెబుతుందని పేపర్లో చూసి, వాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళాను. క్రికెట్ ఆట సాగడంతో ఆ కార్యక్రమం అరగంట ఆలస్యమైంది. డాక్టరమ్మ గ్లాసు చేతిలోకి తీసుకుందో లేదో, ఓనరమ్మ లేచి టీవీ కట్టేసింది.

"అమ్మా, బిడ్డకు బాగలేదు. బొమ్మ వద్దు, మాటలన్నా విననీయండి."

"ఏడింటికే అయిపోవాల. వాళ్ళు లేటయితే నేనేం జేసేదమ్మా?"

రాత్రంతా ఆ నీళ్ళే అంచనాగా కలిపి చెంచాతో పట్టాను. తెల్లారగానే ఓనరమ్మ గంజి తెచ్చింది.

"రోంత, చిటికెడు ఉప్పేసినాను, తాపు. నా ఆరుమంది బిడ్డలకూ ఇదే."

నాకు ఒళ్ళు మండింది. "ఈ మాట నిన్ననే చెప్పొచ్చు కదా!" అని అరిచాను.

"నువ్వు టీవీని అడిగితివి. నన్నడిగినావా?"

బిడ్డ ఆ గంజి గుటగుటా తాగుతున్నందుకు కూడా నాకు కోపమే వచ్చింది.