కుండ అడుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సంగటి వడ్డించడానికి ఒక వరస ఉండేది. ముందు నాయన, తరవాత అన్న, తరవాత నేను, నా తరవాత మా మేనత్త, అందరి వెనక అమ్మ. ఎందుకలా అని అడగాలని ఎవరికీ తోచలేదు.

తుపానుకు అల్లూరు అవతలున్న మా మడిచెక్కలోకి సముద్రపు నీళ్లు ఎక్కిన ఏడు అది. పైరంతా ఉప్పుకు ఎండిపోయింది. పూటకు చిన్న కుండెడు రాగిసంగటి, తినేది ఐదుగురం. అమ్మ ఒళ్లో నెలల తమ్ముడు. పాలు చాలక వాడు ఏడవడం కూడా తగ్గించాడు.

అమ్మ పెట్టే మొదటి ముద్ద పెద్దదిగా ఉండేది. కిందికి వచ్చేకొద్దీ చిన్నదయ్యేది. తనకు కుండ గీకిన మాడు మిగిలేది. నాయన చెడ్డవాడు కాడు. కుండ అడుగు ఆయన ఎన్నడూ చూడలేదు, అంతే.

ఒక మధ్యాహ్నం అత్త తెడ్డు లాక్కుని, ఐదుగురికీ ఒకేసారి పళ్లేలు వేసి అమ్మతో మొదలుపెట్టింది. చివర నాయనకు మాడు వచ్చింది. ఎటు నుంచి చూసినా నేను నడుమదాన్నే, నా ముద్ద మారలేదు. అందుకేనేమో, రెండు కొసలూ నాకు తేటగా కనపడ్డాయి.

"ఏందక్కా ఇది?" అన్నాడు నాయన.

"నీ పెండ్లాం దినామూ తినేది అదేరా. కుండ నిండుగా ఉంటే ఎవురు ముందైనా ఒకటే. చాలనప్పుడే గదా ఈ వరస ఏం చేస్తదో తెలిసేది!"

నాయన తల వంచుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే అమ్మ లేచి తన ముద్ద ఆయన పళ్లెంలో పెట్టేసింది.

"కూలికి పొయ్యే మనిషి. ఊరుకో వదినా" అంది.

ఆయన కాసేపు దాన్ని చూశాడు. తరవాత తిన్నాడు. మర్నాటి నుంచి మళ్లీ పాత వరసే.

ఆ నెల దాటకుండానే తమ్ముడు పోయాడు. మూడో తరగతితో నా బడీ అయిపోయింది.

ఇప్పుడు నా ఇంట్లో పళ్లేలన్నీ ముందు పరిచి, అన్నింట్లో సమానంగా వేశాకే ఎవరినైనా పిలుస్తాను. గరిటె ఇంకొకరి చేతికివ్వను. ముసలామెకు కొలతల పిచ్చి అని కోడళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఏ వరస మంచిచెడ్డలైనా దాని కొసన ఉన్న మనిషి పళ్లెంలోనే తెలుస్తాయని ఆ రోజే నేర్చుకున్నాను. నేర్చుకుని ఏం లాభం? నా పళ్లెమూ వాళ్లతోపాటే నింపుకుంటాను గానీ, అందరూ తిని లేచేదాకా దాని ముందు కూర్చోలేను.